ఫెన్వే పార్క్‌ను ఎవరూ ముట్టుకోలేదా?

బోస్టన్‌లోని బేస్‌బాల్ స్టేడియం ఫెన్వే పార్క్ గురించి ఒక మాట తెగ షేర్ అవుతోంది. "1912లో కట్టారు. ఇప్పటిదాకా ఒక్క ఇటుక మార్చలేదు. మైదానం ఎడమవైపు చివరున్న ఆ ఆకుపచ్చ గోడ మొదటి రోజు నుంచీ ఉంది. పాతకాలం పనితనం కాబట్టే నిలిచింది. రిపేర్ల పేరుతో ముట్టుకుంటే పాడవుతుంది." ఇందులో అభిమానం ఉంది. కానీ ఆ స్టేడియాన్ని బతికించినవాళ్ల కష్టం మొత్తం ఇందులో కొట్టుకుపోయింది.

తొలి మ్యాచ్ 1912 ఏప్రిల్ 20న జరిగింది, నిజమే. జెర్సీ స్ట్రీట్ వైపు కనిపించే ఎర్ర ఇటుకల గోడ కూడా అప్పటిదే. లోపలి కథ వేరు. 1926లో ఎడమవైపు చెక్క స్టాండ్లు కాలిపోతే, యజమాని దగ్గర డబ్బుల్లేక ఆ జాగా ఏళ్ల తరబడి బోసిగా ఉండిపోయింది. 1933లో టామ్ యాకీ అనే ఆయన అక్కడ ఆడే రెడ్ సాక్స్ జట్టును కొని, స్టేడియాన్ని తిరిగి కట్టడం మొదలుపెట్టాడు. 1934 జనవరిలో పని నడుస్తుండగానే మళ్లీ మంటలు. అయినా ఆ సీజన్‌కల్లా కాంక్రీటు, ఉక్కుతో కట్టి తెరిచారు. ఇవాళ మనం చూసే ఫెన్వేలో చాలా భాగం అప్పటిదే.

ఆకుపచ్చ గోడ సంగతి ఇంకా ఆసక్తికరం. మొదట్లో అక్కడ ఉన్నది చెక్క గోడ, దాని ముందు దాదాపు పది అడుగుల మట్టి దిబ్బ. ఆ దిబ్బ ఎక్కి క్యాచ్‌లు పట్టడంలో ఆ జట్టు ఆటగాడు డఫీ లూయిస్ ఆరితేరినవాడు, అందుకే దానికి 'డఫీస్ క్లిఫ్' అని పేరొచ్చింది. 1934లో దిబ్బను చాలావరకు చదును చేసి, 37 అడుగుల గోడ లేపి రేకు తొడిగారు. చాలా ఏళ్లు దాని నిండా ప్రకటనలే. ఆకుపచ్చ రంగు వేసింది 1947లో. 1976లో రేకు తీసేసి గట్టి ప్లాస్టిక్ పలకలు బిగించారు. గోడ పైన సీట్లు వచ్చింది 2003లో.

పనితనమే కాపాడిందంటే నేను ఒప్పుకోను. డెట్రాయిట్‌లో సరిగ్గా ఫెన్వే తెరిచిన రోజునే ఇంకో బేస్‌బాల్ స్టేడియం తెరిచారు. 1999లో అక్కడ ఆట ఆపేశారు, తర్వాత కూల్చేశారు. అదే ఏడాది ఫెన్వే యాజమాన్యం కూడా పక్కనే కొత్తది కడతామని ప్రకటించింది. అభిమానులు 'సేవ్ ఫెన్వే పార్క్' అంటూ పోరాడారు. 2002లో వచ్చిన కొత్త యజమానులు బాగుచేసే దారి పట్టారు, ఆర్కిటెక్ట్ జానెట్ మేరీ స్మిత్ ఆ పనులు నడిపించారు.

ముట్టుకోకపోతే ఏమయ్యేదో బోస్టన్ చలి చెబుతుంది. కాంక్రీటు పగుళ్లలోకి దిగిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బి, పగులును ఇంకా పెద్దది చేస్తాయి. అందుకే పాత చెక్క సీట్లన్నీ ఊడదీసి, కింద కాంక్రీటు బాగుచేసి, నీరు దిగకుండా పూత వేసి, అవే సీట్లను మరమ్మతు చేసి మళ్లీ బిగించారు. ఆకుపచ్చ గోడ అడుగున ఉన్న స్కోరుబోర్డులో ఇప్పటికీ మనిషే నంబరు పలకలు చేత్తో మారుస్తాడు. చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలోకి ఫెన్వే ఎక్కింది 2012లో, ఈ పదేళ్ల పనులన్నీ జరిగాకే.