ఎక్సెల్‌లో అసలు బంగారం చార్టులో లేదు, కుడిపక్క ఉన్న ఆ స్టెప్స్‌లో ఉంది

ప్రతి నెలా 14 దాటిందంటే విజయవాడలో మా బావమరిది వాళ్ల షాపులో ఒక రకం హడావుడి. పైపులు, ఫిట్టింగులు హోల్‌సేల్ వాళ్లది. 14న జీఎస్టీ పోర్టల్‌లో 2బీ స్టేట్‌మెంట్, అంటే సప్లయర్లు మన పేరు మీద చూపించిన బిల్లుల లిస్టు వస్తుంది, 20లోపు పన్ను లెక్కకట్టి 3బీ రిటర్న్ వెయ్యాలి, ఈ మధ్యలో ఉన్న కాసిని రోజుల్లో మనం కొన్న సరుకు బిల్లులన్నీ సప్లయర్లు వాళ్ల రిటర్న్‌లో చూపించారా లేదా అని ఒక్కోటీ సరిచూసుకోవాలి, ఎందుకంటే 2022 జనవరి 1 నుంచి 2బీలో కనపడని బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోవడం) తీసుకోడానికి లేదు. అవతలాయన బిల్లు ఎక్కించడం మర్చిపోతే ఆ నెల పన్ను మన జేబులోంచే కట్టాలన్నమాట.

ఇదివరకు ఎలా చేసేవాళ్లంటే, టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నుంచి పర్చేజ్ రిజిస్టర్ ఎక్స్‌పోర్ట్ కొట్టి, పోర్టల్ నుంచి 2బీ దింపుకుని, రెండూ పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో వెతికే వీ-లుకప్ ఫార్ములా వేసి, దొరకనివాటికి పసుపు రంగు పూసి, ఆ పసుపువన్నీ మళ్లీ కంటితో వెతికి, రెండో రోజు సాయంత్రానికి "ఆల్మోస్ట్ అయిపోయింది సార్" అనేవాళ్లు. వచ్చే నెల మళ్లీ మొదటికే. పోయిన నెల ఏం చేశారో ఎవరికీ గుర్తుండదు, చేసినావిడకి కూడా.

ఇప్పుడు అక్కడ అకౌంట్స్ చూసే అమ్మాయి పవర్ క్వెరీలో చేస్తోంది, అది ఎక్సెల్‌లోనే ఉండే, డేటాని తెచ్చి శుభ్రం చేసి కలిపే టూల్. రెండు ఫైళ్లూ ఒక ఫోల్డర్‌లో పడేసి రిఫ్రెష్ కొడుతుంది, అంతే. మొదటిసారి సెట్ చేసుకోడానికి మాత్రం వారం పట్టిందట. ఆ వారం కథే నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది.

ముందు పేర్లతో కలపబోయింది, కుదర్లేదు. ఒకే పార్టీ ఒకచోట శ్రీకి ఒక ఐ, ఇంకోచోట రెండు ఈలు, లక్ష్మిలో ఒకచోట కే ఎస్ హెచ్, ఇంకోచోట ఎక్స్, చివర ట్రేడర్స్ ఉన్నచోట ఉంది లేనిచోట లేదు. మన పేర్లని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఏ సాఫ్ట్‌వేర్‌కీ తెలీదు కదా. దగ్గర దగ్గరగా ఉన్న పేర్లని కలిపే ఫజ్జీ మ్యాచింగ్ పవర్ క్వెరీలో ఉంది గానీ, డబ్బుల విషయంలో దాన్ని నమ్మొద్దు, ఊళ్లో రెండు లక్ష్మీ ట్రేడర్స్ ఉంటే రెంటినీ కలిపి కూర్చుంటుంది. చివరికి 15 అక్షరాల జీఎస్టీ నంబరు మీద కలిపింది. దానికో లాభం కూడా ఉంది, మొదటి రెండంకెలు చూస్తే రాష్ట్రం తెలిసిపోతుంది, 37 ఆంధ్ర, 36 తెలంగాణ, కాబట్టి 36తో మొదలైన సప్లయర్ బిల్లుకి వేరే రాష్ట్రం సరుకుకి పడే ఐజీఎస్టీ కాకుండా సొంత రాష్ట్రంలో కొంటే పడే సీజీఎస్టీ పడి ఉంటే ఎంట్రీ మీద అనుమానం రావాలి.

తర్వాత బిల్లు నంబర్లు. సప్లయర్ 0457/25-26 అని వేస్తే మనవాళ్లు టాలీలో 457 అని కొడతారు. స్లాష్ దగ్గర విడగొట్టి ముందు సున్నాలు తీసేస్తే అది సెట్టయింది. తేదీలు మాత్రం చుక్కలు చూపించాయి. లాప్‌టాప్‌లో రీజియన్ అమెరికా అని ఉండటంతో 12 దాటిన తేదీలన్నీ ఎర్రర్ అని వచ్చాయి, సరే అవి కనపడతాయి కాబట్టి దిద్దుకోవచ్చు, కానీ 05/04 అని ఉన్న ఏప్రిల్ 5 ఏ చప్పుడూ లేకుండా మే 4 అయి కూర్చుంది. ఎర్రర్ చూపించినవి నయం, చూపించనివే కొంప ముంచేవి. కాలమ్ టైప్ మార్చేటప్పుడు యూజింగ్ లొకేల్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అందులో ఇండియా పెట్టుకోవాలి, ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది ఎన్ని గంటలు పోగొట్టుకుంటున్నారో.

ఇప్పుడు నేను చెప్పదల్చుకున్న దానికి వస్తా. ఇవన్నీ చేస్తుంటే కుడిపక్క అప్లైడ్ స్టెప్స్ అని ఒక లిస్టు తయారవుతూ ఉంటుంది, పై వరుసలు తీసేశాం, కాలమ్ విడగొట్టాం, ఫలానా పార్టీని ఫిల్టర్ చేశాం, ఇలా. ఏ స్టెప్ మీద నొక్కినా అప్పటికి డేటా ఎలా ఉందో కనపడుతుంది. పాతకాలం గుమస్తాలు చిట్టాలో తప్పు పడితే చెరిపేవాళ్లు కాదు, గీత కొట్టి పక్కన సంతకం పెట్టేవాళ్లు, ఏది మారిందో చూసేవాడికి తెలియాలని. స్ప్రెడ్‌షీట్ వచ్చాక ఆ అలవాటు పోయింది, సెల్‌లో అంకె మార్చి సేవ్ చేస్తే పాతది మాయం, ఎవరు మార్చారో దేవుడికే తెలియాలి. పవర్ క్వెరీ ఆ గీతని వెనక్కి తెచ్చింది. నా దృష్టిలో ఐటీ వాళ్లని అడక్కుండా ఎవరి రిపోర్ట్ వాళ్లే చేసుకోడానికి సెల్ఫ్ సర్వీస్ అనలిటిక్స్ అని పెద్ద పేరు పెట్టుకున్న మొత్తం వ్యవహారంలో అసలు విలువ ఇక్కడుంది, కానీ అమ్మేవాళ్లు చూపించేది మాత్రం రంగురంగుల డాష్‌బోర్డులు.

నిజానికి ఎక్సెల్‌లో ఈ వ్యవహారం మొదలైంది కూడా ఇంకో వైపు నుంచి. 2010లో మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎక్సెల్ 2010కి పవర్ పివట్ అని, పెద్ద డేటా మీద రిపోర్టులు చేసుకునే ఉచిత యాడ్-ఇన్ ఇచ్చారు, లోపల దాని ప్రాజెక్టు పేరు జెమిని, ఇప్పుడా పేరు చెప్తే అందరికీ గూగుల్ వాళ్ల ఏఐ గుర్తొస్తుందనుకోండి. షీట్‌లో 10,48,576 వరుసలే పడతాయి కదా, పవర్ పివట్ డేటా మోడల్లో కోట్ల వరుసలు కూడా పట్టేవి, ఎందుకంటే అది డేటాని కాలమ్ వారీగా దాచుకుంటుంది, ఒకే విలువ లక్షసార్లు వచ్చినా డిక్షనరీలో ఒక్కసారే రాసుకుంటుంది. అందుకే రాష్ట్రం కాలమ్ దాదాపు బరువే ఉండదు, బిల్లు నంబరు కాలమ్ మాత్రం మెమరీ తినేస్తుంది, ప్రతిదీ వేరు కాబట్టి. ఆ తర్వాత 2013లో పవర్ క్వెరీ, అదీ యాడ్-ఇన్‌గానే, 2016 వెర్షన్‌కి వచ్చేసరికి డేటా ట్యాబ్‌లో కలిపేశారు. చాలామంది దగ్గర ఉంది, ఉన్నట్టే తెలీదు. మ్యాక్ వాళ్లకి మాత్రం పవర్ పివట్ ఇప్పటికీ లేదు.

వరుసల లిమిట్ జోక్ కాదు. 2020 సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో ఇంగ్లాండ్‌లో కోవిడ్ లెక్కల్లోంచి 15,841 కేసులు తప్పిపోయాయి, పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లో 65,536 వరుసలు దాటింది పట్టలేదు, ఏ హెచ్చరికా లేదు. అంత పెద్ద ప్రభుత్వ సంస్థకే అలా జరిగితే...

అయితే టూల్ వచ్చినంత మాత్రాన గొడవలు తీరవు. అదే షాపులో పవర్ పివట్‌తో సేల్స్ రిపోర్ట్ చేస్తే బావమరిది ఒక అంకె చెప్పాడు, సేల్స్ చూసే కుర్రాడు ఇంకోటి, అకౌంట్స్ అమ్మాయి మూడోది. ఫార్ములా ఎవరిదీ తప్పు కాదు. వాపసు వచ్చిన సరుకు తియ్యాలా, పదికి ఒకటి ఫ్రీ స్కీమ్‌లో ఇచ్చిన పీసుని అమ్మకం అనాలా, పన్నుతో కలిపా లేకుండానా, ఇవి ముగ్గురూ ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. పూర్వం ఐటీ వాళ్లని రిపోర్ట్ అడిగితే నెల పట్టేది గానీ కనీసం ఎవరో ఒకరు ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు, ఇప్పుడు ఎవరికి వాళ్లే చేసుకుంటున్నారు కాబట్టి ఎవరి అమ్మకం వాళ్లదే.

అందుకే బీకామ్ పిల్లలు అమీర్‌పేట వెళ్లి నేరుగా పైథాన్ కోర్సులో చేరుతుంటే నాకు కొంచెం బాధేస్తుంది. పైథాన్ మంచిదే, కాదనను, కానీ వాళ్లకి రేపు దొరికే ఉద్యోగంలో టేబుల్ మీద ఉండేది టాలీ ఎక్స్‌పోర్టూ ఎక్సెలూ. ఒక నెల పవర్ క్వెరీ గట్టిగా నేర్చుకుంటే మొదటి జీతం లోపే పనికొస్తుంది.

పోయిన నెల నేను అక్కడున్నప్పుడు ఆ అమ్మాయి లెఫ్ట్ యాంటీ అనే జాయిన్ వేసింది, మన దగ్గర ఉండి 2బీలో లేని బిల్లులు మాత్రమే మిగిలేలా. పదకొండు మంది సప్లయర్లవి తేలాయి. బావమరిది ఫోన్ తీసి అందరికీ చేసి అరవబోతుంటే, "ఆగండి సార్, ఇందులో నలుగురు క్వార్టర్లీ రిటర్న్ వేసేవాళ్లు, వాళ్లవి ఈ నెల రాకపోవచ్చు" అంది. అది ఏ ఫైల్లోనూ లేదు, ఆవిడకి తెలుసు అంతే. ఆ సాయంత్రమే సప్లయర్ల షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టి పార్టీ పార్టీకీ మంత్లీనా క్వార్టర్లీనా అని కొట్టుకుంటూ కూర్చుంది, మిగతా ఏడుగురికి ఈయన ఫోన్లు చేసుకున్నాడు.