పన్నెండు మందండీ, పన్నెండు!

ఇప్పుడే కింద వినాయకుడి పందిరి దగ్గర నుంచి పైకొచ్చాను. నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చాను, ఆ సంగతి తర్వాత చెప్తాను. ఒళ్ళు ఇంకా మండిపోతోంది.

పిల్లలకి క్విజ్ పెట్టారు. అడిగేది మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు. "చంద్రుడి మీద ఎంతమంది నడిచారు?" మా అమ్మాయి టక్కున "పన్నెండు మంది" అంది. ఆయన చేతిలో కాగితం చూసుకుని, మైకులో నవ్వి, "తప్పమ్మా, ఇద్దరు! ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్!" అన్నారు. ఒకటే చప్పట్లు. టిఫిన్ బాక్స్ బి-బ్లాకు పిల్లాడికి. నేను లేచి "సార్, పన్నెండే కరెక్టు" అంటే, "పిల్లల ఆట కదా సార్, లైట్ తీసుకోండి" అట.

ఎలా తీసుకోమంటారు? 1969 జులై 20న ఆ ఇద్దరూ దిగగానే నాసా వాళ్ళు షట్టర్ దించేసి ఇంటికెళ్ళిపోయారా? అదే ఏడాది నవంబరులో అపోలో 12 వెళ్ళింది. పైకి లేస్తూనే పిడుగు పడింది దాని మీద, అదీ రెండుసార్లు. అయినా వెళ్ళి, అంతకు రెండున్నరేళ్ళ ముందు దిగిన, మనుషులు లేని నౌక సర్వేయర్ 3 దగ్గరికి నడిచి వెళ్ళేంత దూరంలో దిగారు కాన్రాడ్, బీన్. ఎవరైనా విన్నారా ఈ పేర్లు? బీన్ పాపం టీవీ కెమెరాని పొరపాటున సూర్యుడి వైపు తిప్పాడు, అది కాస్తా పాడైంది. బొమ్మ లేదు కాబట్టి జనానికి గుర్తూ లేదు. అపోలో 13 మాత్రం అందరికీ తెలుసు, ఎందుకంటే ఆక్సిజన్ ట్యాంకు పేలి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు తిరిగొచ్చింది. 14, 15, 16, 17 బుద్ధిగా దిగి పని చేసుకొచ్చాయి, అదే వాటి తప్పు.

ఇంతలో థర్డ్ ఫ్లోర్ అంకుల్ ఒకాయన, "అసలు వెళ్ళారంటావా బాబూ? గాలి లేనిచోట జెండా ఎలా ఎగిరింది?" అని మొదలెట్టారు. ఎగరలేదు మహాప్రభో! పై అంచులో అడ్డంగా కడ్డీ దూర్చారు, అది పూర్తిగా సాగలేదు, గుడ్డ ముడతలు పడింది. అంతే. సాక్సులో ఉల్లిపాయ పెట్టుకుంటే షుగర్ తగ్గుతుందని గ్రూపులో ఫార్వర్డ్ చేసింది కూడా ఈ అంకులే. అది నమ్మొచ్చు, ఇది మాత్రం డౌటు.

నన్నడిగితే అందరికంటే అన్యాయమైపోయింది ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లతో వెళ్ళిన మూడోవాడు, మైకేల్ కాలిన్స్. పెళ్ళిలో వంటల దగ్గర కాపలా ఉండిపోయే మేనమామ లాంటోడు, ఒక్క ఫొటోలోనూ కనపడడు. వాళ్ళిద్దరూ కింద నడుస్తుంటే ఈయన ఒక్కడే పైన చుట్టూ తిరుగుతూ ఉన్నాడు. చంద్రుడి వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ దాదాపు 48 నిమిషాలు భూమితో మాట లేదు. ఆయన లేకపోతే వాళ్ళిద్దరికీ తిరుగు ప్రయాణమే లేదు. మన సెక్రటరీ గారి కాగితంలో ఆయనకి చోటెక్కడిది!

ఇక అసలు మంట. 1972 డిసెంబరు, అపోలో 17. వ్యోమగామి సెర్నాన్ కాలి జేబులో ఉన్న సుత్తి తగిలి, చంద్రుడి మీద తిరగడానికి తీసుకెళ్ళిన వాళ్ళ బండి వెనక మడ్‌గార్డ్ విరిగింది. అక్కడి దుమ్ము మామూలుది కాదు, గరుకుగా ఉంటుంది, ఎక్కడ పడితే అక్కడ అతుక్కుపోతుంది. టేపు వేశారు, ఊడిపోయింది. కింద హ్యూస్టన్‌లో నాసా కంట్రోల్ రూము వాళ్ళు ఉపాయం చెప్పారు. మర్నాడు నాలుగు మ్యాపులు టేపుతో అతికించి, దిగిన నౌక లోపల దీపానికున్న క్లాంపులు పీకి బిగించి, కొత్త మడ్‌గార్డ్ చేసేసుకున్నారు. అదే బండిలో తిరిగి 110 కిలోల రాళ్ళూ మట్టీ తెచ్చారు. మూడు కొటేషన్లు రావాలని ఆగలేదు. జనరల్ బాడీ మీటింగ్ పెట్టలేదు.

మా లిఫ్ట్ మే నెలలో ఆగింది. చవితి వచ్చేసింది. అడిగితే "పార్ట్ రావాలి సార్" అంటారు. ఎక్కడ్నుంచి, చంద్రుడి మీద అపోలో 17 దిగిన టారస్-లిట్రో లోయ నుంచా? పందిరికి డబ్బులున్నాయి, డీజేకి ఉన్నాయి. మా అమ్మ మోకాళ్ళతో దిగలేక బాల్కనీలోంచే వినాయకుడికి దండం పెట్టుకుంది. టెంటు అడ్డమొచ్చి ఆవిడకి కనపడింది తొండం కొస ఒక్కటే.

మా అమ్మాయికి మాత్రం ఏ బాధా లేదు, పులిహోర తిని నిద్రపోయింది. నేనే కూర్చుని అపార్ట్‌మెంట్ గ్రూపులో టైప్ చేస్తున్నా: ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాన్రాడ్, బీన్, షెపర్డ్, మిచెల్, స్కాట్, ఇర్విన్, యంగ్, డ్యూక్, సెర్నాన్, ష్మిట్. లెక్కపెట్టుకోండి సెక్రటరీ గారూ. టిఫిన్ బాక్స్ మీరే ఉంచుకోండి, ఆ పార్ట్ ఎప్పుడొస్తుందో చెప్పండి.