గండికోట లోయ అంచుకు ఒక నడకదారి కావాలి

కడప జిల్లా గండికోటకు వచ్చేవారిలో అత్యధికులు చూడగోరేది పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారిన లోయనే. మాధవరాయస్వామి ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూసి లోయ అంచుకు చేరుకున్నవారు అక్కడ ఎగుడుదిగుడు గుండ్ల మీద ఎక్కుతూ దిగుతూ, ఏ బండ నిలకడగా ఉందో, ఏది జారుతుందో తమకు తామే తేల్చుకోవలసి వస్తోంది. కింద దాదాపు 300 అడుగుల లోతు. కుర్రవాళ్లు ఎలాగో అంచుదాకా వెళ్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లులు వెనుకనే ఆగిపోతారు. ఇంత దూరం వచ్చి లోయను చూడకుండా తిరిగిపోవడం నిజంగా బాధాకరం.

ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ద్వీపం పశ్చిమ కొనను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నాబీస్ అనే ఆ చోట సముద్రపు కొండకొమ్ము వెంబడి చెక్కలతో నడకదారి వేశారు. కొద్ది నిమిషాల నడకలోనే సీల్ జంతువులు నివసించే రాతిదీవుల వైపు చూపు సాగుతుంది. నేలకు ఎత్తుగా వేసిన ఆ దారి వల్ల పెంగ్విన్లు గూళ్లు కట్టుకునే వాలు మీద మనిషి పాదం పడదు. సందర్శకుడికి భద్రత, నేలకు రక్షణ ఒకే ఏర్పాటుతో సమకూరాయి.

అటువంటి పని మనకు కొత్త కాదు. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహల్లో సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేర దారి, మెట్లు, దీపాలు ఏర్పాటు చేసి 2002లో ప్రజలకు తెరిచారు. నేల అడుగున చేయగలిగిన పని కొండ అంచున చేయలేకపోవడానికి కారణం కనబడదు. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బుతో ఎన్ని కట్టడాలు లేచినా, అంచు వెంబడి నడిచే దారి లేకపోతే లోయ చాలామందికి అందనిదిగానే మిగులుతుంది. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నందున సిమెంటు పోయకుండా, రాతిని తొలవకుండా, అవసరమైతే విప్పి తీసేయగల తేలికపాటి దారినీ, నడుము ఎత్తు కటకటాలనూ ఆ శాఖ అనుమతితో అమర్చాలి. నీడ, తాగునీరు కూడా తప్పనిసరి. వేసవి మధ్యాహ్నం ఆ బండలు కాలు మోపనివ్వవు.

దారి ఎటు పోవాలో నిర్ణయించే ముందు అధికారులు కోటలోనే నివసిస్తున్న గండికోట గ్రామస్తులను వెంటబెట్టుకొని అంచు పొడవునా నడవాలి. ఏ బండ వానకు నునుపెక్కుతుందో, ఏ మలుపు నుంచి నది బాగా కనబడుతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.