పాత ఎడిషన్‌కు ఆటగాళ్లు దొరకడం లేదా? పిలిచే తీరు మార్చాలి

"రెండో ఎడిషన్ ఆడేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని చాలాకాలం అడుగుతూ తిరిగాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులోని పాత్రలుగా ఆడే బల్ల మీది ఆట; దాని రెండో ఎడిషన్ 1989 నాటిది. పుస్తకాలున్నాయి, పాచికలున్నాయి, కథ కూడా సిద్ధంగా ఉంది. బల్ల చుట్టూ కూర్చోవడానికి నలుగురు మనుషులే లేరు. ఆ రూల్స్ తెలిసినవాళ్లలో ఒకరికి తీరిక లేదు, ఒకరు ఆటే మానేశారు, ఇంకొకరికి మొదటి ఎడిషన్ తప్ప వేరేది పట్టదు. కాగడా పెట్టి వెతికినా దొరకరని తేల్చుకున్నాక గానీ నా ప్రశ్నలోనే లోపం ఉందని తట్టలేదు. ఎడిషన్ తెలిసినవాళ్ల కోసం వెతకడం మానేసి, ఆడాలన్న ఉత్సాహం ఉన్నవాళ్లను పిలవాలి. రూల్స్ ఆట నడిపేవారికి తెలిస్తే చాలు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను 1974లో తెచ్చారు. మూడో ఎడిషన్ 2000లో, నాలుగోది 2008లో, ఐదోది 2014లో వచ్చాయి. ఆ ఐదోదాన్నే సవరించి 2024లో కొత్త రూల్ బుక్స్ వేశారు. కొత్తది వచ్చిన ప్రతిసారీ కొందరు అటు వెళ్లారు, కొందరు మొదట నేర్చుకున్న దగ్గరే ఉండిపోయారు. అన్ని ఆటలకూ ఈ తలనొప్పి లేదు. 1981లో మొదలైన కాల్ ఆఫ్ కతూలూ అనే ఇలాంటి మరో ఆటలో పాత కథల్ని చిన్నచిన్న మార్పులతో ఇప్పటి ఏడో ఎడిషన్‌లోనూ ఆడించొచ్చు.

పుస్తకాలు దొరకవనే సాకు ఇప్పుడు చెల్లదు. పాత పుస్తకాల పీడీఎఫ్‌ల అమ్మకాన్ని ఈ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2009లో ఆపేసినా, 2013లో మళ్లీ మొదలుపెట్టింది. ఇదే ఆటకు 1981లో వచ్చిన బేసిక్, ఎక్స్‌పర్ట్ రూల్స్‌ను 2019లో వచ్చిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ అనే పుస్తకం చక్కగా సర్ది పెట్టింది. కొత్తవాళ్లకు నేను ఇచ్చేది అదే.

అసలు అడ్డం భయం. దెబ్బ తగలాలంటే పాచిక మీద ఎంత పడాలో లెక్కగట్టే థాకో అనే మాట వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. అందులో ఉన్నది ఒక్క తీసివేత. రెండో ఎడిషన్‌లో మొదటి లెవెల్ ఫైటర్ థాకో 20. ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ (రక్షణ అంకె, ఎంత తగ్గితే కొట్టడం అంత కష్టం) 6 అయితే ఇరవైలోంచి ఆరు తీసేయాలి, అంటే ఇరవై ముఖాల పాచిక మీద 14 గానీ ఆపైన గానీ పడాలి. ఆర్మర్ క్లాస్ సున్నా కంటే తగ్గినప్పుడే లెక్క కాస్త తికమక పెడుతుంది. ఆ లెక్క ఆట నడిపేవారు చూసుకుంటే ఆటగాడు పాచిక వేసి అంకె చెబితే సరిపోతుంది.

ఐదో ఎడిషన్‌నే పాత పద్ధతిలో ఆడొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1981 బేసిక్ రూల్స్‌లో బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణెం విలువకు ఒక ఎక్స్‌పీరియన్స్ పాయింట్ (పాత్ర లెవెల్ పెరగడానికి కూడబెట్టేది) వస్తుంది. రాక్షసుల్ని చంపితే వచ్చేది దాంతో పోలిస్తే చాలా తక్కువ. దాంతో ఆటగాళ్లు పోట్లాట తప్పించుకుని నిధి ఎలా తేవాలా అని ఆలోచిస్తారు. ఐదో ఎడిషన్‌లో ఆ రూల్ లేదు; ఆ ఒక్కటి తీసేస్తే బల్ల దగ్గర మనుషుల నడవడికే మారిపోతుంది.

ఆఫీసులో నాతో పనిచేసే ఒకామెను ఒక సాయంత్రం ఆటకు పిలిచాను. ఎడిషన్ పేరెత్తలేదు. "పాడుబడ్డ కోట కింద నిధి ఉంది, మూడు గంటల ఆట, వస్తారా?" అన్నాను. ఆమె ఆడిన మంత్రగత్తె పాత్రకు హిట్ పాయింట్లు (ప్రాణబలం) రెండే, చేతిలో ఉన్నది ఒకే ఒక్క మంత్రం. ఇరుకు దారిలో ఆరుగురు గోబ్లిన్లు ఎదురయ్యారు. వాళ్ల తీరు ఎలా ఉంటుందో చూడటానికి రెండు పాచికలు వేస్తే తొమ్మిది పడింది. అంటే కొట్టరు, బేరం వింటారు. ఐదో ఎడిషన్‌కు అలవాటుపడిన కుర్రాడు క్యారెక్టర్ షీట్‌లో ఏ పవర్ ఉందా అని వెతుకుతున్నాడు. ఆమె మాత్రం నన్ను చూసి, "వాళ్లు ఆకలి మీదున్నట్టు కనిపిస్తున్నారా?" అని అడిగింది. తిండి మూట ఇచ్చేసి దారి సంపాదించింది. మంత్రం అలాగే మిగిలింది.

కొత్తవాళ్లకు మరిచిపోవాల్సింది ఏమీ ఉండదు. ఐదో ఎడిషన్ నుంచి వచ్చేవాళ్లకు మాత్రం ముందే విడమరిచి చెప్పాలి. అక్కడ హిట్ పాయింట్లు సున్నాకు పడిపోయినా సాధారణంగా బతికి బయటపడే అవకాశం ఉంటుంది, 1981 రూల్స్‌లో సున్నా అంటే చావే. ఇది చెప్పకుండా కూర్చోబెడితే మొదటి చావుకే మనసు విరిగిపోతుంది, ఆ కోపం ఎడిషన్ మీదకు మళ్లుతుంది.

ఏళ్ల తరబడి సాగే క్యాంపెయిన్ అని కూడా మొదట్లోనే అనకూడదు. ఒక్క సాయంత్రంలో ముగిసే కథ చెప్పాలి, క్యారెక్టర్లు ముందే రాసి పెట్టాలి. రూల్స్ కరతలామలకమైనా వారం వారం రాలేని ఆటగాడి కంటే, ఏమీ తెలియకపోయినా చెప్పిన రోజుకు వచ్చే ముగ్గురు నాకు ముఖ్యం. దూరంగా ఉన్నవాళ్లతో రోల్20 లాంటి చోట్ల ఆన్‌లైన్‌లో ఆడొచ్చు గానీ, మొదటి ఆట మటుకు ఎదురెదురుగా కూర్చుని ఆడాలనే అంటాను.

ఆ మంత్రగత్తె రెండో వారం కూడా వచ్చింది, ఈసారి వాళ్ల తమ్ముణ్ని వెంటబెట్టుకుని. కూర్చోగానే అడిగిన మొదటి మాట, కిందటిసారి మోయలేక వదిలేసిన బంగారం ఇంకా అక్కడే ఉందా అని.