కొత్త విధానంలో ముసలితనం రద్దు

మన దేశంలో జీతగాడికి ముసలితనం వయసు వల్ల రాదు, పొదుపు చేస్తే పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80సీ వల్ల వస్తుంది. అదీ ఏటా జనవరిలో, ‘పెట్టుబడుల ప్రూఫులు వెంటనే అప్‌లోడ్ చేయగలరు’ అని హెచ్ఆర్ మెయిల్ వచ్చిన రోజున. పొద్దున గోవా టికెట్లు వెతుక్కున్న కుర్రాడు, సాయంత్రానికల్లా క్యాంటీన్లో ముసలితనం పొదుపుకు పీపీఎఫ్ మేలా ఎన్‌పీఎస్ మేలా అని గొంతు చించుకుంటుంటాడు.

మాది పీపీఎఫ్ శాఖ, అంటే ప్రభుత్వ పొదుపు ఖాతా. 15 ఏళ్ల తాళం, ఏడాదికి లక్షన్నర హద్దు, 2020 ఏప్రిల్ నుంచి ఏళ్ల తరబడి కదలని 7.1 శాతం వడ్డీ. వేసినా, పెరిగినా, తీసినా పన్ను లేదు. కాకపోతే మడి ఎక్కువ. ఐదో తారీకు దాటాక వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. ఒక ఏడాది బద్ధకించి ఏప్రిల్ 6న లక్షన్నర వేశాను. పోయింది ఎంతా అని లెక్క కడితే 887 రూపాయల 50 పైసలు. ఆ పూట అన్నం సహించలేదు. అదే వారం 70 వేలు పోసి ఫోన్ కొన్నాను, అది మాత్రం శుభ్రంగా అరిగింది.

మా బావది జాతీయ పెన్షన్ పథకం, అంటే ఎన్‌పీఎస్ మఠం. 80సీ కాక ఇంకో 50 వేలకు మినహాయింపు ఉందని ఆయన గర్వం. “అరవై దాటాక కొంత సొమ్ముతో నెలనెలా పెన్షనిచ్చే యాన్యుటీ కొనక తప్పదుగా, ఆ పెన్షన్ మీద పన్నూ కట్టాలిగా?” అంటే, “అప్పటికి రూల్స్ మారతాయిలే బావా” అనేవాడు.

మారాయి. కొత్త పన్ను విధానంలో 80సీ లేదు, బావ 50 వేలూ లేవు. 2025 బడ్జెట్‌తో జీతగాళ్లకు 12 లక్షల 75 వేల దాకా పన్నే లేకుండా పోయింది. పన్నే లేనప్పుడు ముసలితనం మాత్రం ఎందుకు? మా ఆఫీసులో సగం మంది దాన్ని వెంటనే మానేశారు. పీపీఎఫ్ వడ్డీకి ఇప్పటికీ పన్ను లేదయ్యా అంటే వినే నాథుడు లేడు. కంపెనీ వేసే ఎన్‌పీఎస్ వాటాకు కొత్త విధానంలోనూ 14 శాతం దాకా మినహాయింపు ఉందని బావ ఎగిరి గంతేసి హెచ్ఆర్‌ని అడిగాడు. మన పాలసీలో లేదన్నారట. ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే: ఇకపై మోకాళ్ల నొప్పులు పాత విధానం ఎంచుకున్నవారికే వర్తించేలా జీవో ఇవ్వాలి.

మొన్న సంక్రాంతికి ఊళ్లో అరుగు మీద ఇదే పంచాయితీ నడిచింది. మా బాబాయి రిటైర్డ్ టీచరు. 2004 సెప్టెంబరుకు ముందే చేరాడు కాబట్టి జీతంలోంచి వాటా కోసే కొత్త పెన్షన్ పథకం సీపీఎస్ తగల్లేదు, పాత పెన్షనే. గంటసేపు ఓపిగ్గా విని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

“ఇంతకీ మీ ఇద్దరికీ నెలనెలా ఎంత వస్తుందిరా?”

బావ ఫోన్లో కాలిక్యులేటర్ తీశాడు. బాబాయి జంతికల పళ్లెం మా వైపు జరిపి, పెన్షన్ పడిందేమో మెసేజ్ చూసుకున్నాడు.