ఫ్లాంజర్ గారికి ఒక కోరస్ అభిమాని ఉత్తరం

మహారాజశ్రీ ఫ్లాంజర్ గారికి,

ఉభయకుశలోపరి అని రాయాలి గానీ కుశలం మీ ఒక్కరిదే, నా జేబు సంగతి మీకు తెలుసు. మీరు 1980లో పుట్టిన బాస్ కంపెనీ బీఎఫ్-2, కాలితో నొక్కితే గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్ అనే పెట్టె, ఊదారంగు, నాలుగు నాబ్‌లు. మీకంటే ఏడాది ముందు పుట్టిన సీఈ-2 కోరస్ గారు లేత నీలం, రెండే నాబ్‌లు, నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరినీ సెకండ్‌హ్యాండ్‌లో, కొత్త పెడల్స్ కంటే ఎక్కువ పెట్టి మరీ కొన్నాను, ఎందుకయ్యా అంటే అడుగున మేడ్ ఇన్ జపాన్ అని ఉంది కాబట్టి. అడుగున ఉన్నది స్టేజీ మీద ఎవడికీ కనపడదని అప్పుడు తట్టలేదు.

తర్వాత స్క్రూలు విప్పాను, అదీ నేను చేసిన తప్పు. చూస్తే మీరిద్దరూ ఒక తల్లి పిల్లలే! గిటార్ సిగ్నల్‌ని రెండుగా చీల్చి ఒకదాన్ని అలాగే పోనిచ్చి, రెండోదాన్ని బకెట్ బ్రిగేడ్ చిప్‌లోకి తోస్తారు. గడ్డివాముకి నిప్పంటుకుంటే జనం చెరువు దాకా వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చినట్టు, లోపల కెపాసిటర్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి సిగ్నల్ అందించుకుంటూ పోతాయి. కోరస్ గారి ఎంఎన్3007 చిప్‌లో అలాంటి మెట్లు 1024. అలా కాసిని మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చింది అసలు దాంతో కలుస్తుంది, ఆ ఆలస్యం మెల్లగా ఊగుతూ ఉంటుంది. పుస్తకాల లెక్కలో ఆలస్యం కొంచెం ఎక్కువుంటే ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపిస్తుంది, అది కోరస్. అది తగ్గించి, బయటికొచ్చిన సిగ్నల్‌ని మళ్లీ లోపలికి తిప్పి పంపితే నెత్తిమీదుగా విమానం పోతుంది, అది తమరు. ఈ మాత్రం దానికి రెండుసార్లు అప్పు చేశాను.

మీ వంశం తక్కువదని అనను. ఒకే పాటని రెండు టేప్ మెషీన్ల మీద తిప్పుతూ ఒక చక్రం అంచుని వేలితో నొక్కితే వచ్చిన శబ్దం మీది, ఆ అంచు పేరే మీ పేరు. కోరస్ గారిది వేరుకాపురం కథ: 1975లో రోలాండ్ కంపెనీ జేసీ-120 గిటార్ ఆంప్లిఫయర్‌లో ఉమ్మడిగా ఉన్న సర్క్యూట్, మరుసటేడు సీఈ-1 అనే పెద్ద బూడిదరంగు పెట్టెగా బయటికొచ్చింది.

నా బాధల్లా మీ గోలే. కోరస్‌ని కచేరీ మొదట్లో ఆన్ చేసి మర్చిపోవచ్చు, ఆపేస్తేనే ఏదో తక్కువైందని తెలుస్తుంది. మిమ్మల్ని నొక్కితే మాత్రం పాట ఆగి మీ ఊరేగింపు మొదలవుతుంది, డ్రమ్మర్ తలెత్తి నావైపు చూస్తాడు. 1976 నాటి మీ న్యూయార్క్ అక్కగారు ఎలక్ట్రిక్ మిస్ట్రెస్ అనే ఫ్లాంజర్‌కి ఊగడం ఆపేసే ఫిల్టర్ మ్యాట్రిక్స్ స్విచ్చైనా ఉంది. మీకు అదీ లేదు.

అసలు విషయం ఇప్పుడు చెబుతున్నాను. మొన్న ప్రాక్టీసుకి కోరస్ గారిని ఇంట్లో మర్చిపోయాను. దిక్కులేక, సిగ్నల్‌ని ఎంత మళ్లీ లోపలికి పంపాలో చెప్పే మీ రెజ్ నాబ్ సున్నాకి తిప్పి, ఊగడం కాస్త తగ్గించి వాయించాను. రెండు గంటల తర్వాత బాసిస్ట్ వచ్చి, "అన్నా, ఇవాళ నీ కోరస్ అదిరింది, సెట్టింగ్ మార్చావా?" అన్నాడు.

అవును తమ్ముడూ అన్నాను. మీ పేరు మాత్రం ఎత్తలేదు. ఇంటికొచ్చి ఆ రెజ్ నాబ్ కదలకుండా దాని మీద టేపు అంటించాను.

ఇట్లు,
రెండు పెడల్స్ బాకీదారు