ఏటీవీ వెనక దుంగ కట్టే ముందు ఇది చదవండి

మొన్న శనివారం మా మిషిగన్‌లోనే ఉండే ఒక తమ్ముడు ఫోన్‌కి వీడియో పంపాడు. ఈ మధ్యే ఊరికి దూరంగా చెట్లున్న స్థలం కొన్నాడు, దానికోసం ఒక ఏటీవీ, అంటే మోటార్‌సైకిల్‌లా హ్యాండిల్ పట్టుకుని నడిపే నాలుగు చక్రాల బండి, కూడా తీసుకున్నాడు. వీడియోలో 12 అడుగుల ఓక్ దుంగకి నైలాన్ తాడు చుట్టి, రెండో కొసను సీటు వెనక సామాను పెట్టుకునే ర్యాక్‌కి కట్టి లాగుతున్నాడు. దుంగ ముక్కు ఒక వేరుకి తగిలి ఆగింది. బండి ముందు చక్రాలు రెండూ మూరెడు లేచి, మళ్లీ కింద పడ్డాయి. వీడియో తీస్తున్నవాళ్లు నవ్వుతున్నారు. కింద "పవర్ చూశారా అన్నా" అని రాశాడు.

నాకు నవ్వు రాలేదు. వెంటనే ఫోన్ చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. నొచ్చుకున్నాడని తెలుసు. కానీ అతనికి ఏడేళ్ల పాప ఉంది, వీడియోలో ఆ పాప బండికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. అందుకే ఈ పోస్టు. స్థలాలు కొనుక్కుని, చెట్లు కొట్టుకుని, యూట్యూబ్ చూసి ఏటీవీ వెనక తగిలించే దుంగల బండి సొంతంగా చేసుకుందామనుకునే మనవాళ్లు ఈ మధ్య చాలామంది కనిపిస్తున్నారు. చేసుకోండి. నేనూ చేసుకున్నాను, నా చేత్తో చేసిన వస్తువుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. కానీ నన్ను అడిగే ప్రతి ఒక్కరూ "ఎంత బరువు లాగుతుందన్నా?" అనే అడుగుతారు. వాలులో ఎలా ఆగుతుందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నా బాధంతా అదే.

ముందు ఆ ర్యాక్ సంగతి. తాడు వెనక ఇరుసు కన్నా ఎత్తులో కట్టి లాగుతున్నప్పుడు దుంగ దేనికైనా తట్టుకుంటే, ఇంజను బలం బండిని ముందుకి తోయలేక ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు భాగం లేచి నడిపేవాడి మీదకి వస్తుంది. మన ఊళ్లలో ట్రాక్టర్ నడిపినవాళ్లకి ఇది కొత్త కాదు. బురదలో దిగబడ్డ బండిని లాగేటప్పుడు గొలుసు వెనక కిందుగా ఉండే ఇనుప పట్టీకే (డ్రాబార్) తగిలించాలి, పైన ఎక్కడా కట్టకూడదని వాళ్లకి తెలుసు. ట్రాక్టర్‌కి వర్తించేది 320 కిలోల ఏటీవీకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

మాకు ఈ దుంగల పని ఎందుకు వచ్చిందో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఆసియా నుంచి వచ్చిన పచ్చగా మెరిసే చిన్న పెంకుపురుగు ఒకటి 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది. పేరు ఎమరాల్డ్ యాష్ బోరర్. దాని లార్వా యాష్ చెట్టు బెరడు కింద సొరంగాలు తొలుచుకుంటూ పోతుంది, చెట్టుకి నీళ్లు, ఆహారం అందే దారులు తెగిపోతాయి. మిషిగన్‌లో యాష్ చెట్లు కోట్లలో చచ్చిపోయాయి. మా స్థలంలోనూ నిలువునా ఎండిపోయినవి నలభై పైనే ఉన్నాయి. ఎండిన యాష్ పెళుసు, గాలికి పై కొమ్మలు విరిగి పడతాయి. అందుకని కొట్టక తప్పదు. కొట్టాక అక్కడే కుళ్లిపోనివ్వడానికి మనసొప్పదు, చలికాలం పొయ్యిలోకి అంతకన్నా మంచి కట్టె దొరకదు మరి.

ఇప్పుడు బరువు లెక్క. చాలామంది కంటితో చూసి "రెండొందల కిలోలు ఉంటుందేమో" అంటారు. అలా వద్దు. అడ్డుకొలతను అడుగుల్లోకి మార్చి, దాన్ని దానితోనే గుణించి, 0.785తోనూ పొడవుతోనూ గుణిస్తే ఎన్ని ఘనపుటడుగులో వస్తుంది. పచ్చి రెడ్ ఓక్ ఘనపుటడుగుకి దాదాపు 63 పౌండ్లు, యాష్ 48, వైట్ పైన్ 36 ఉంటాయి. ఆ తమ్ముడి దుంగ అడుగు అడ్డుకొలత, 12 అడుగుల పొడవు. అంటే 9.4 ఘనపుటడుగులు, సుమారు 270 కిలోలు. అదే దుంగ అడ్డుకొలత అడుగు నుంచి అడుగున్నర అయితే 600 కిలోలు దాటుతుంది. చూపుకి కాస్త లావు, అంతే! నా ఏటీవీ పుస్తకంలో లాగగల బరువు 590 కిలోలని రాసి ఉంది. ఆ అంకె చదునైన నేల మీద, చక్రాల మీద ఉన్న బరువుకి. నేల మీద ఈడ్చే బరువు వేరు, వాలులో వెనక నుంచి తోసే బరువు వేరు.

నా మొదటి దుంగల బండి గురించి చెప్పాలి, ఎందుకంటే తప్పు నేనే చేశాను. ఒక పాత పడవ ట్రెయిలర్ ఇరుసు దొరికింది. దాని మీద తలకిందులైన యూ ఆకారంలో ఒక కమాను, ముందుకి ఎనిమిదడుగుల పొడుగు నొగ, ఇరుసుకి అడుగుం పావు వెనక ఒక కొక్కెం. నొగను పైకెత్తితే కొక్కెం కిందకి దిగుతుంది, దుంగకి గొలుసు తగిలించి నొగను కిందకి లాగితే దుంగ ముక్కు లేస్తుంది. తుల లాంటి పని. 270 కిలోల దుంగలో ఒక కొస లేపడమంటే సగం బరువు, 135 కిలోలు. నొగ పొడవు ఆరింతలకి పైనే కాబట్టి చేతికి తగిలేది 22 కిలోలకి మించదు. ఒక్కడినే అంత దుంగ లేపుతుంటే ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

నేను చూడనిది ఒకటి ఉంది. ఆ 22 కిలోలు నేను నొగ వదిలేసినంత మాత్రాన పోవు కదా. నొగను హిచ్‌కి, అంటే ఏటీవీ వెనక బండి తగిలించే చోటికి, తగిలించాక అది హిచ్‌ను పైకి ఎత్తుతూనే ఉంటుంది. అంటే ఏటీవీ వెనక చక్రాలకి నేల పట్టు తగ్గుతుంది, హిచ్ మీద ఎప్పుడూ పైకి లాగుడే. గుట్ట దిగుతుంటే ఎడమ చక్రం ఒక మొద్దు ఎక్కి దిగింది. హిచ్ మీది ఇనుప గుండు (బాల్) నుంచి నొగ కొస కప్పు ఊడిపోయింది. లాకుకి పెట్టాల్సిన పిన్ను నేను పెట్టలేదు. దుంగ దబ్బున నేలకి పడింది, నొగ నా వెనకే గాలిని కోసుకుంటూ లేచి ర్యాక్ ఇనుప కడ్డీని వంచేసింది. నా వీపుకీ ఆ కడ్డీకీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. ఇంజను ఆపి, హెల్మెట్ తీసి, ఆకుల మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ ఇంటి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి "ఏమైందండీ, ఏమైందండీ" అంటుంటే జవాబు రాలేదు.

ఆ రాత్రి గుర్తొచ్చింది మా నాన్న. మా చిన్నప్పుడు ఎడ్లబండికి కొబ్బరికాయలో ధాన్యం బస్తాలో వేసేటప్పుడు ఆయన ప్రతిసారీ నొగలు పట్టుకుని కాస్త ఎత్తి చూసేవాడు. "ముందు బరువైతే ఎడ్ల మెడలు కమిలిపోతాయిరా, వెనక బరువైతే కాడి లేచి గొంతు నొక్కేస్తుంది" అనేవాడు. గట్టు ఎక్కేటప్పుడు తనే జరిగి నొగల దగ్గరకి వచ్చి కూర్చునేవాడు. ఎనిమిదేళ్ల వయసులో చూసింది నలభై దాటాక, అదీ ఇంత ప్రమాదం అయ్యాక అర్థమైంది. ఇక్కడ హిచ్ అంటే కాడి. దాని మీద బరువు కొంచెం కిందకే ఉండాలి, ఎప్పుడూ పైకి లేవకూడదు.

ఇంకో విషయం. నేను చేసిన తప్పు ఇదే మిషిగన్‌లో నూటయాభై ఏళ్ల కిందటి మనుషులకీ తెలుసు. మానిస్టీ అనే ఊళ్లో సైలస్ ఓవర్‌ప్యాక్ అనే బళ్ల తయారీదారు 1870లలో దుంగలు లాగడానికి తొమ్మిది, పది అడుగుల ఎత్తు చక్రాలు చేయడం మొదలుపెట్టాడు. రెండు చక్రాలు, మధ్యలో ఇరుసు, దాని కింద గొలుసుతో వేలాడే దుంగలు, ముందు గుర్రాలు. గ్రేలింగ్ దగ్గర హార్ట్‌విక్ పైన్స్ పార్కులో ఉన్న చక్రాల పక్కన నిలబడితే నా తల ఇరుసు కన్నా కొంచెమే పైకి వచ్చింది. వాటికి బ్రేకులు లేవు. వాలులో దుంగలు వేగం పుంజుకుంటే గుర్రాల ప్రాణం మీదకి వచ్చేది. తర్వాత పడమటి కొండల్లో పనిచేసినవాళ్లు జారే నొగ పెట్టారు. గుర్రాలు ముందుకి లాగితే నొగ సాగి దుంగలు లేస్తాయి, వాలులో గుర్రాలు వెనక్కి నిలదొక్కుకుంటే నొగ వెనక్కి జారి దుంగలు నేలకి దిగి ఈడ్చుకుంటాయి. దుంగే బ్రేకు అన్నమాట! ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఇంజను లేని రోజుల్లో వాళ్లు ముందు ఆపడం గురించి ఆలోచించారు, మనం ఇవాళ ఇంజను సీసీలు చెప్పుకుంటున్నాం.

అందుకే రెండో బండిలో దుంగను పూర్తిగా గాల్లోకి లేపను. ముక్కు మాత్రమే లేస్తుంది, తోక నేల మీద ఈడ్చుకుంటుంది. "తోక కూడా లేపేస్తే తేలిగ్గా పోతుంది కదన్నా" అని అడుగుతారు. తేలిగ్గానే పోతుంది, గుట్ట దిగేటప్పుడు కూడా అంతే తేలిగ్గా మీదకి వస్తుంది. ఏటీవీ బ్రేకులు ఆ బండికీ దాని మీద కూర్చున్న మనిషికీ సరిపడా చేసినవి. వెనక మరో బండంత దుంగ తోస్తుంటే అవేం చేస్తాయి?

కొక్కెం ఇప్పుడు ఇరుసుకి ముందుంది, కమాను మీద చేతి వించ్‌తో, అంటే తిప్పితే తాడు చుట్టుకుని బరువు లేపే యంత్రంతో, లేపుతాను. ఇందులోనూ ఒక మెలిక ఉంది, అది తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. తోక ఈడ్చుకుంటుంటే గొలుసు కమాను పైభాగాన్ని వెనక్కి గుంజుతుంది, ఆ గుంజుడుకి నొగ మళ్లీ పైకి లేవాలని చూస్తుంది. విరుగుడు చాలా సులువు: రెండో గొలుసు. దుంగ ముక్కు నుంచి కిందుగా నొగ ముందు కొసకి అది బిగుతుగా ఉండాలి. అప్పుడు కమాను బరువు మాత్రమే మోస్తుంది, లాగుడంతా కింద గొలుసు తీసుకుంటుంది. బాల్ తీసేసి పిన్ను హిచ్ పెట్టాను, పిన్నుకి కింద క్లిప్పు. ఆ క్లిప్పు లేకుండా ఇంజను స్టార్ట్ చేయను. చక్రాల మధ్య నాలుగున్నర అడుగుల వెడల్పు ఉంచాను, ఇరుకైతే పక్క వాలులో బోల్తా పడుతుంది.

వెల్డింగ్ గురించి ఒక్క హెచ్చరిక. పడవ ట్రెయిలర్ ఇనుముకి తుప్పు పట్టకుండా జింక్ పూత ఉంటుంది. దాన్ని గ్రైండర్‌తో పూర్తిగా గీకేయకుండా గ్యారేజీ తలుపు మూసుకుని వెల్డింగ్ చేశాను. రాత్రికి చలిజ్వరం, ఒళ్లంతా నొప్పులు, నోట్లో ఇనుము రుచి. ఫ్లూ అనుకున్నాం. అది జింక్ పొగ వల్ల వచ్చే జ్వరమని డాక్టర్ చెప్పారు. రెండు రోజుల్లో తగ్గింది. పూత గీకండి, తలుపు తీయండి, సరైన మాస్కు పెట్టుకోండి. కమాను మూలల దగ్గర ఊరికే అతుకు వేసి వదిలేయకండి, మూడు మూలల రేకు కూడా వేయండి, బరువంతా అక్కడే పడుతుంది.

నాకు కోపం తెప్పించేది ఆన్‌లైన్ వీడియోల్లో ఎవరూ వాలు చూపించకపోవడం. చదునైన పచ్చిక మీద, ఎండలో, దుంగ సాఫీగా వస్తుంటుంది, వెనక సంగీతం. బరువెంతో చెప్పరు, కొక్కెం ఇరుసుకి ముందో వెనకో చెప్పరు. చూసినవాడు కొలతలు లేకుండా ఆకారం ఒక్కటే కాపీ కొడతాడు. మీరు చేసి వీడియో పెడితే దయచేసి గుట్ట దిగేది కూడా పెట్టండి. మొదటిసారి దిగితే ఎలా ఉందో, భయమేసిందో లేదో కూడా చెప్పండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆ తమ్ముడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. కోపం తగ్గింది. వచ్చే ఆదివారం వాళ్ల ఇంటికి వెళ్తున్నాను, మిగిలిపోయిన చదరపు పైపు, నా గ్రైండర్ పట్టుకెళ్తాను. పాప వరండాలోంచి కదలకూడదని ముందే మాట తీసుకున్నాను. ఆ తాడు మాత్రం ఇవాళే ర్యాక్ నుంచి విప్పేసి ఫొటో పంపమన్నాను. పంపాడు.